ముంబైలో మిషనుకు ధర్మవరంలో బొట్టు

ఉద్యోగ జ్ఞాపకాలు రాసేవాళ్ళు మామూలుగా శాలువా కప్పించుకుని, దండ వేయించుకుని, ఇంటికొచ్చి తీరిగ్గా కూర్చున్నవాళ్ళు. నాకు ముప్పయ్యొక్క ఏళ్ళు. శాలువాకు ఇంకా చాలా కాలం ఉంది. తీరిక అసలే లేదు. పక్కన నా కూతురు నిద్రపోతోంది. దానికి మూడేళ్ళు నిండబోతున్నాయి. ఈ నాలుగు వాక్యాలు రాసేలోపల రెండుసార్లు పెన్ను పక్కన పెట్టి దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఊపిరి బాగానే ఆడుతోంది.

అయినా ఈ రాత్రే రాయాలనిపించింది, ఎందుకంటే రేపు మహర్నవమి. నవమి నాడు నాకు ఒక పని ఉంటుంది. అలాంటి పని ఇంకే కంప్యూటర్ ఉద్యోగికీ ఉండదని నా నమ్మకం. అది నా మెడకు ఎలా చుట్టుకుందో ఈ రంగంలోకి కొత్తగా వస్తున్న అమ్మాయిలకు, ముఖ్యంగా చంటిబిడ్డలున్నవాళ్ళకు, చెబుతాను. ఇందులో నా తప్పులు రెండున్నాయి. వాటిని దాచను.

నేను పనిచేసేది హిందూపురంలో ఒక చిన్న కంప్యూటర్ సంస్థకు. కింద జిరాక్సు అంగడి, పైన మేము. మేమంటే ముగ్గురం. సంస్థ పెట్టిన సార్, పాత కంప్యూటర్లు విప్పి బాగుచేసే హార్డ్‌వేర్ అన్న, సాఫ్ట్‌వేర్ అనే పేరు కింద మిగతా పనులన్నీ చేసే నేను. రెండేళ్ళ కిందట, కాన్పు సెలవు అయిపోయి తిరిగి పనిలో చేరినప్పుడు నా బిడ్డకు పది నెలలు. మా కాపురం పెనుకొండలో. పొద్దున రైలెక్కి హిందూపురం పోవడం, సాయంత్రం రైలెక్కి రావడం. బిడ్డ సీసా పాలు నోట పెట్టేది కాదు. నేను వచ్చేదాకా ఏడ్చి ఏడ్చి, నన్ను చూడగానే కోపంతో ముఖం తిప్పుకునేది. అత్తమ్మకు మోకాళ్ళ నొప్పులు. మా ఆయనకు కార్ల ఫ్యాక్టరీలో షిఫ్టులు. పనిలో కూర్చుని నేను చేసే పనుల్లో ముఖ్యమైనది గంటకోసారి ఇంటికి ఫోను చేయడం.

ఇంటి నుంచి పని చేస్తానని సార్‌ను అడిగాను. ఆయన చాలాసేపు సీలింగు ఫ్యాను చూశాడు.

"ధర్మవరం సావుకారు పని ఒకటుండాది కదా," అన్నాడు. "ఆయప్ప ధర్మవరంలో తన ఇంట్లో కూర్చోని, యాడనో ఉండే మిషను మీద పని చేసుకునేటట్ల నువ్వు చేసిపెట్టల్ల. దసరాకు అది నిలబడిందనుకో, నువ్వూ నీ ఇంట్లో కూర్చోని పని చేయొచ్చని నేను నమ్ముతా. నిలబడలేదనుకో, ఈ మాట ఇంగెప్పుడూ ఎత్తొద్దు."

అలా నా బిడ్డ పాలూ, సావుకారి సర్వరూ ఒకే ముడిలో పడ్డాయి.

సావుకారు అంటే ధర్మవరంలో నలభై పట్టుమగ్గాల యజమాని. అంచు మీద నెమలి ఎక్కడ తల తిప్పాలి, కొంగులో మామిడి పిందె ఎక్కడ మొదలవ్వాలి అనే లెక్కలు ఒకప్పుడు చిల్లులు పొడిచిన అట్టల్లో ఉండేవి. ఇప్పుడు మగ్గం పైన చిన్న కంప్యూటర్ పెట్టె ఉంటుంది, దానికి డిజైను ఫైలు పంపితే చాలు. పదిహేనేళ్ళ డిజైన్లన్నీ ఆయన ఇంట్లో ఒక పాత కంప్యూటర్‌లో ఉండేవి. ఆ వానాకాలంలో ఎలుక ఒకటి దాని లోపల కాపురం పెట్టి, వైర్లతో గూడు అల్లింది. డిజైన్లు దక్కాయి కానీ సావుకారికి భయం పట్టుకుంది. అప్పుడు మా సార్ వెళ్ళి, ఎలుక దూరలేని మిషను ఒకటుందని చెప్పాడు.

అది వర్చువల్ సర్వరు. ముంబైలో పెద్ద పెద్ద యంత్రాలుండే భవనం ఒకటి ఉంటుంది. అందులో ఒక యంత్రంలో మనకు కొంత భాగం అద్దెకిస్తారు. మనకు మాత్రం అది పూర్తిగా మన కంప్యూటర్‌లాగే పనిచేస్తుంది. దాన్ని నేను మూడు రోజుల్లో సిద్ధం చేసి, డిజైన్లన్నీ ఎక్కించి, ధర్మవరం పోయి సావుకారికి చూపించాను. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, చివర ఆరుతూ వెలుగుతూ ఒక గీత. మాలాంటివాళ్ళకు అంతకన్నా ముచ్చటైన దృశ్యం లేదు.

సావుకారు తెర దగ్గరికి వంగి చూసి, "ఇదేందమ్మా, చచ్చిపోయిందా?" అన్నాడు.

"లేదన్నా, పని చేస్తోంది."

"బొమ్మలు యాడ? మౌసు యాడ? నా నెమలి యాడుండాది?"

ఆయన తల్లి, ఎనభై దాటిన అవ్వ, మంచం మీద నుంచే తీర్పు చెప్పింది. "పీనుగ కండ్లు మాదిరి నల్లగుండాది. ఇంట్లో పెట్టొద్దురా."

అందుకని ఆ సర్వరుకు ముఖం తయారుచేయాల్సి వచ్చింది. అంటే బొమ్మలూ, మెనూలూ ఉండే డెస్క్‌టాప్‌ను దానిలో వేసి, ఆ తెరను ధర్మవరం నుంచి చూసే దారి పెట్టడం. రిమోట్ డెస్క్‌టాప్ అంటారు. ఒక పూట పని అనుకున్నాను. నాలుగు రోజులు పట్టింది. పాస్‌వర్డ్ ఇవ్వగానే లోపలికి రానిచ్చేది, రానిచ్చి మళ్ళీ నల్లతెరే చూపేది. ఈసారి మధ్యలో ఒక బాణం గుర్తు మాత్రం అదనం.

హార్డ్‌వేర్ అన్నది మడకశిర. సగం కన్నడం, సగం తెలుగు, మొత్తం ధైర్యం. స్క్రూడ్రైవర్‌తో విప్పలేనిదాన్ని ఆయన యంత్రంగా ఒప్పుకోడు. నా వెనక నిలబడి అడిగాడు.

"ర్యామ్ తీసి రబ్బరుతో రుద్దినావా?"

"అన్నా, అది ముంబైలో ఉంది."

"ఉంటేనేం. వాళ్ళకు ఫోను చేసి రుద్దమను. రబ్బరు ల్యాకపోతే మనమే కొరియర్ చేద్దాం."

చివరికి తేలిందేమంటే, నేనే అదే ఖాతాతో ఇంకోచోట లోపలికి పోయి బయటికి రాకుండా ఉన్నాను. ఒకే మనిషికి రెండు తెరలు చూపించలేక అది నల్లబోయింది. నేను బయటికి రాగానే వెలిగింది. హార్డ్‌వేర్ అన్న మాత్రం ముంబైలో ఎవరో రుద్దే ఉంటారని ఇప్పటికీ అంటాడు.

ఇక్కడే నా మొదటి తప్పు. తొందరలో, సావుకారికి వేరే ఖాతా చేయకుండా నా ఖాతానే ఇచ్చేశాను. అంటే ఆ సర్వరులో నేను ఏమేమి చేయగలనో అవన్నీ ఆయనా చేయగలడు. తరువాత మారుద్దాంలే అనుకున్నాను. అమ్మాయిలూ, తరువాత అనేది మన రంగంలో లేని రోజు.

సావుకారికి తెర నచ్చింది. నెమలి కనబడింది, మౌసు కదిలింది. అంతా అయిందనుకుని సంచి సర్దుకుంటుంటే ఆయన అన్నాడు.

"నవమికి దీనికి పూజ చేసి, దశమి పొద్దున ఆరున్నరకు పని మొదలుపెడ్తా. ఆయుధపూజ కాకుండా కొత్త మిషను మీద నేను చెయ్యి పెట్టనమ్మా. మిషను యాడుండాది? తెప్పించు."

"అది రాదన్నా. ముంబైలోనే ఉంటుంది."

"అయితే నేనే పోతా. ముంబైలో యాడ?"

"పోయినా చూపించరన్నా. మనదని విడిగా ఒక మిషను ఉండదు. పెద్ద మిషనులో మనకు వాటా."

"వాటానా?" సావుకారు కుర్చీలో వెనక్కి వాలాడు. "అన్నదమ్ముల మగ్గం మాదిరి?"

అవ్వ మంచం మీద లేచి కూర్చుంది. "మిగతా వాటాదారులు ఎవురమ్మా? మంచోళ్ళేనా? వాళ్ళూ పూజ చేస్తాండారా, ల్యాకపోతే మన పసుపు కుంకుమతోనే గడుపుకుంటాండారా?"

నాకు తెలియదని చెప్పాను. పూజ చేయని మిషను మీద పెండ్లి చీర వేయనని సావుకారు తేల్చి చెప్పాడు. బెంగళూరు నుంచి ఒక పెండ్లివాళ్ళు ఆయనకు కొత్త కొంగు పని ఇచ్చారు. ఆ డిజైను సర్వరులోనే ఉంది. దశమి ముహూర్తానికి అది మగ్గానికి చేరాలి.

విషయం సార్‌కు చెప్పాను. ఆయన హార్డ్‌వేర్ అన్న వైపు చూశాడు. హార్డ్‌వేర్ అన్న పాత సామాన్ల గోడౌన్ వైపు చూశాడు.

నవమి పొద్దున హిందూపురంలో మా సంస్థలోనూ పూజే. సార్ ఈ విషయంలో చాలా గట్టివాడు. స్క్రూడ్రైవర్లు, మానిటర్లు, చివరికి తన సెల్‌ఫోను కూడా అమ్మవారి పటం ముందు వరసగా పెట్టి, పసుపు కుంకుమ పూస్తాడు. దశమి పొద్దున తొమ్మిదికి తన చేత్తో తీసేదాకా వాటిని ఎవరూ తాకకూడదు. ఫోను ఆపడు, ఎందుకంటే ఆపాలంటే తాకాలి. ఆ పూజ తెల్లవారుజామునే ముగించుకుని, భార్యాపిల్లలతో మడకశిర పక్కనున్న అత్తగారి ఊరికి వెళ్ళిపోయాడు.

హార్డ్‌వేర్ అన్న హిందూపురంలో ధర్మవరం రైలెక్కాడు, పెనుకొండలో నేనూ, నా బిడ్డా అదే రైలెక్కాం. ఆయన ఒడిలో గోనెపట్టా కప్పిన పెట్టె ఉంది. అత్తమ్మ ఆ రోజు గ్రైండరుకూ, కుట్టుమిషనుకూ పూజ పెట్టుకుంది కాబట్టి బిడ్డను నేనే వెంట తెచ్చుకున్నాను.

"అందులో ఏముందన్నా?"

"సర్వరు," అన్నాడు. గోనెపట్టా ఎత్తి చూపించాడు. గోడౌన్లోని పాత కంప్యూటర్ డబ్బా. దాని మీద పసుపుతో మా సర్వరు నెంబరు రాసుంది.

"మోసం కదన్నా ఇది!"

"మోసమేంది? తిరపతికి పోలేనోళ్ళు పటం పెట్టుకోరా? ఇది పటం."

సావుకారి ఇంట్లో మగ్గాలన్నీ ఆగి ఉన్నాయి. దారం అటూ ఇటూ నడిపే నాడెలకు బొట్లు, కత్తెరలకు బొట్లు, పాలపాకెట్లు తెచ్చే మోటారుసైకిలుకు బంతిపూల దండ. హార్డ్‌వేర్ అన్న పెట్టెను పీట మీద పెట్టాడు. సావుకారు కర్పూరం చేతిలోకి తీసుకున్నాడు. అంతలో అవ్వ మంచం దిగి, కర్రతో డబ్బాను ఒకసారి తట్టింది. టంగుమంది. ఇంకోసారి తట్టింది.

"ఖాళీ," అంది.

హార్డ్‌వేర్ అన్న గోడకున్న క్యాలెండరును శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాడు.

"ఏమప్పా, నూనె డబ్బా తెచ్చి నాకు సర్వరని చెప్తాండావా? ఎనభయ్యేండ్లు మగ్గం కింద కూర్చున్నా. లోపల పేగుల్లేని మిషను సప్పుడు నాకు తెలియదనుకున్నావా?"

సావుకారు ముఖం ఎర్రబడింది. నాకు మాత్రం పెనుకొండ ఇల్లూ, సీసా పాలూ, పొద్దున రైలూ కళ్ళముందు తిరిగాయి. ఆ భయంలోనే నోరు తెరిచాను.

"అవ్వా, డబ్బా వద్దు. ముంబైలో ఉన్న మిషనుకే బొట్టు పెడదాం. ఇక్కడి నుంచే. నువ్వే పెట్టు."

సావుకారి కంప్యూటర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ తెరిచాను. సర్వరు ముఖం వచ్చింది. అందులో బొమ్మలు గీసే ప్రోగ్రాం తెరిచి, ఎర్రరంగు ఎంచి, అవ్వ చేతిలో మౌసు పెట్టాను. "ఇక్కడ నువ్వు గీసేది ముంబైలోని మిషను లోపల పడుతుందవ్వా. ఈ తెర నీకు దాని అద్దం."

అవ్వ మౌసును కుంకుమ భరిణెలా పట్టుకుంది. చెయ్యి వణికింది. తెర మధ్యలో ఎర్రటి చుక్క ఒకటి మొదలై, కొంచెం ఎడమకు జారి, వంకరగా, లావుగా తయారైంది. దానిని డెస్క్‌టాప్ వెనక బొమ్మగా పెట్టాను. సర్వరు ముఖం నిండా బొట్టు.

"ముంబైలో కనపడ్తాదా?" అంది అవ్వ.

"అక్కడే ఉందవ్వా. మనమే ఇక్కడి నుంచి చూస్తున్నాం."

"అట్లయితే సరే. వాటాదారులు కూడా చూసి నేర్చుకుంటారు."

సావుకారు హారతి తిప్పాడు. టెంకాయ కొట్టాడు. నేను కళ్ళు మూసుకుని దండం పెట్టుకున్నాను. కళ్ళు తెరిచేసరికి నా బిడ్డ పూజ పళ్ళెంలోని పసుపుకొమ్మును నోట్లో పెట్టుకుని ఉంది. గొంతుకు అడ్డం పడుతుందని కింద కూర్చుని దాని దవడలు విడదీసి కొమ్ము లాగేశాను. ఆ రెండు నిమిషాల్లోనే నా రెండో తప్పు బయటపడింది.

పూజ చేసిన పనిముట్టు మరునాటి దాకా విశ్రాంతి తీసుకోవాలి. అది ఇక్కడి ఆచారం. సావుకారు దేన్నీ సగం చేసే మనిషి కాదు. తెర మీది మెనూ తెరిచి, రోజూ సాయంత్రం తన పాత కంప్యూటర్‌కు చేసినట్టే, ఎర్ర గుర్తున్న షట్‌డౌన్ నొక్కాడు. అది నిజంగా ఆపమంటావా అని అడిగింది. అవునన్నాడు. పాస్‌వర్డ్ అడిగింది. నేను కాగితం మీద రాసిచ్చిన పాస్‌వర్డును, కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో అక్షరమే భక్తిగా కొట్టాడు.

"ఆరిపోయిందమ్మా," అన్నాడు తృప్తిగా. "ఇంగ పండుకుంటాది."

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. మన పని అయ్యాక రిమోట్ డెస్క్‌టాప్ మూసేస్తే, మనం గదిలోంచి బయటికి వచ్చినట్టు. లోపలి నుంచి షట్‌డౌన్ నొక్కితే, ముంబైలో ఆ సర్వరే ఆగిపోయినట్టు. ఆగిపోయినదానిలోకి తిరిగి పోయి వెలిగించలేం, తలుపే ఉండదు. సర్వరు అద్దెకిచ్చినవాళ్ళ వెబ్‌సైటులోకి పోయి అక్కడ ఆన్ చేయాలి. ఆ వెబ్‌సైటు ప్రతిసారీ ఒక కోడు పంపుతుంది. కోడు వెళ్ళేది సార్ సెల్‌ఫోనుకు. సార్ సెల్‌ఫోను హిందూపురంలో, తాళం వేసిన గదిలో, అమ్మవారి ముందు, పసుపు పూసుకుని ఉంది. మెనూలోంచి ఆ ఎర్ర గుర్తును ముందే తీసేయాలని నాకు తట్టకపోవడమే రెండో తప్పు.

"అన్నా, రేపు పొద్దున నేను ఒకసారి ముందుగా చూసుకుంటాను," అన్నాను, గొంతు మామూలుగా ఉండేలా.

"నువ్వేమిటికి? తొలిచెయ్యి నాది. ఆరున్నరకు నేనే తెరుస్తా. పెండ్లి కొంగు మగ్గానికి పోయిందా, ఇది మనకు అచ్చొచ్చినట్ల. పోలేదా, మళ్ళ నా పాత డబ్బా, నా ఎలుక."

అవ్వ నా బిడ్డను ఒడిలో వేసుకుని ఊపుతూ, "ఈ పొద్దంతా దాన్ని ఎవురూ లేపొద్దండి. బిడ్డ మాదిరి నిద్రపోనీ," అంది.

నిజం చెప్పే ధైర్యం నాకు చాలలేదు. సాయంత్రం రైల్లో హార్డ్‌వేర్ అన్నకు మాత్రం చెప్పాను. సంస్థ తాళంచెవి ఆయన దగ్గరే ఉంటుంది.

"ఈ రాత్రే గది తెరిచి కోడు చదివి చెప్పన్నా."

"అయ్యో, నవమి పొద్దు తలుపు తీయకూడదు పాపా. మూడేండ్ల కింద నవమికి ఒక్క స్క్రూడ్రైవర్ ముట్టుకున్నా. ఆ పొద్దే సార్ బండి మీద నుంచి పడినాడు. ఇప్పటికీ మోకాలు నొచ్చినప్పుడల్లా నా ముఖమే చూస్తాడు. రేపు పొద్దున ఆరుకు కసువు ఊడ్సడానికి ఎట్లాగూ తెరుస్తా. అప్పుడు చూస్తా. తాకను, చూస్తా."

"నీ ఫోనూ పూజలోనే ఉంది కదన్నా. నీకెలా చేయాలి?"

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఇంకోటుండాది. పాటలకు. దానికి బొట్టు పెట్టలేదు. సార్‌కు చెప్పొద్దు."

ఆ రాత్రి నేను నిద్రపోలేదు. బిడ్డ ఊపిరి వేలితో చూడొచ్చు. ముంబైలో పడుకున్నదానికి ఎక్కడ వేలు పెట్టను?

దశమి పొద్దున ఆరుకు పెనుకొండ ఇంట్లో, వంటింటి గడప మీద కూర్చున్నాను. ఒడిలో బిడ్డ, మోకాలి మీద ల్యాప్‌టాప్, చెవికీ భుజానికీ మధ్య ఫోను. గ్రైండరు ఇంకా పూజలోనే ఉంది కాబట్టి అత్తమ్మ ఉప్మా కలుపుతోంది. ఆరూ పదికి హార్డ్‌వేర్ అన్న లైనులోకి వచ్చాడు.

"తెరిచినా పాపా. ఊదొత్తుల వాసన ఉండాది. సార్ ఫోను కూడా ఉండాది. బ్యాటరీ కొనకొచ్చింది. బిన్నా, తొందరగా కానీ."

వెబ్‌సైటులో పాస్‌వర్డ్ కొట్టి, కోడు పంపమన్నాను.

"వచ్చింది! తెర వెలిగింది!"

"చదువన్నా."

"నాలుగు. ఒకటి. బొట్టు. ఏడు. సున్నా. రెండు."

"బొట్టా?"

"మూడో అంకె మీద సార్ బొట్టు పెట్టినాడు. బాగా మందంగా పెట్టినాడు. భక్తుడు."

"కొంచెం తుడువన్నా!"

"నేను తాకనని చెప్తినా లేదా? సార్ మోకాలు ఇంకొకటుండాది."

"గట్టిగా ఊదు."

ఊదిన చప్పుడు వినిపించింది. తరువాత తుమ్ము. "ఎండిపోయి గట్టిపడింది. కదల్లేదు. ఆ బొట్టు కింద ఏముండాదో అమ్మవారికే తెలియల్ల."

మూడుసార్లు తప్పు కోడు కొడితే ఆ వెబ్‌సైటు రోజంతా మూసుకుంటుంది. సున్నా నుంచి తొమ్మిది దాకా పది అంకెలు, మూడు అవకాశాలు. ఇంకో కోడు పంపమన్నాను. అది వచ్చి మొదటిదాని స్థానంలోనే కూర్చుంది. "ఐదు, ఐదు, బొట్టు..." అని మొదలుపెట్టాడు. నాకు ఏడుపొచ్చింది. నన్ను చూసి బిడ్డ మొదలుపెట్టింది. ఆరూ పద్దెనిమిది.

"అమ్మణ్ణీ, ఎవరికైనా ఫోను చేసి అడగరాదా?" అంది అత్తమ్మ, గరిటె పట్టుకుని. ఎవరిని అడగాలో ఆమెకూ తెలియదు. అయినా ఫోను చేయడం అన్న మాట దగ్గర నా బుర్ర ఆగింది.

"అన్నా, ఇప్పుడు సార్ ఫోను మోగుతుంది. ఎత్తకు. చూస్తూ ఉండు."

"నేనెట్లా ఎత్తుతా, తాకనంటినే!"

బిడ్డ చెయ్యి విడిపించుకుని, షిఫ్టు లేక ఇంట్లో నిద్రపోతున్న మా ఆయన ఫోను అందుకుని సార్ నెంబరుకు కొట్టాను. రెండుసార్లు మోగనిచ్చి పెట్టేశాను. మనం ఎత్తని కాల్ వచ్చినప్పుడు దాని కబురు తెర మీద అన్నిటికన్నా పైన చేరుతుంది. దాని కింద ఉన్నవి కొంచెం కిందికి జరుగుతాయి. నాకు కావలసింది ఆ కొంచెమే.

అవతల హార్డ్‌వేర్ అన్న అరుపుకు బిడ్డ ఏడుపు మానేసింది.

"జరిగింది పాపా! బొట్టు కింద నుంచి బయటికొచ్చింది! ఎనిమిది! ఐదు, ఐదు, ఎనిమిది, మూడు, ఒకటి, ఆరు!"

కొట్టాను. లోపలికి రానిచ్చింది. ఆన్ నొక్కాను. ఆరూ ఇరవై ఆరుకు ముంబైలో సర్వరు లేచింది. ఆరూ ముప్పైకి, నేను చూస్తుండగానే, ధర్మవరం నుంచి సావుకారు లోపలికి వచ్చాడు. ఆరూ ముప్పై నాలుగుకు పెండ్లి కొంగు మగ్గానికి వెళ్ళిపోయింది. ఐదు నిమిషాల తరువాత ఫోను వచ్చింది. అవ్వ గొంతు.

"అమ్మణ్ణీ, బొట్టు చెరిగిపోలేదే! రాత్రంతా నిద్రపోయి లేచినా ఎట్ల పెట్టిందట్లనే ఉండాది!"

తొమ్మిదీ ఐదుకు సార్ ఫోను. "ఏం పాపా, అమ్మవారి ముందు పండుకున్న నా ఫోనును పొద్దున్నే లేపింది నీ ఇంటాయన నెంబరు. ఎందుకో చెప్పు."

అంతా చెప్పాను, నా రెండు తప్పులతో సహా. పాటల ఫోను ఒక్కటే చెప్పలేదు. అవతల ఆయన సీలింగు ఫ్యాను చూస్తున్నాడని నాకు తెలుసు. పెనుకొండ నుంచి పని చేసే మాట ఇక అయిపోయిందనుకున్నాను.

"సావుకారుకు చెప్పినావా?"

"లేదు సార్."

"మనం ఎలుకను తప్పిస్తామని మిషను ఇచ్చినాం. మన తప్పులు దాచిపెట్టడానికి కాదు. ఇప్పుడే చెప్పు. ఆయన ఏమంటాడో దాన్ని బట్టి నేను చెప్తా."

సావుకారికి ఫోను చేశాను. నిన్న మీరు నొక్కింది ముంబైలోని సర్వరునే ఆపేసిందన్నా, పొద్దున్నే నేను లేపాల్సి వచ్చింది, తప్పు నాదే అన్నాను.

"అంటే నిన్న పగలు నుంచి ఈ పొద్దు దాకా ముంబైలో ఉండేది నిజంగా పండుకునిందా?"

"అవునన్నా. క్షమించండి."

"ఎందుకమ్మా క్షమించేది! నేను రాత్రంతా కండ్లు మూయలేదు తెలుసునా? ఈడ బొమ్మ ఒక్కటే ఆరిపోయిందేమో, ఆడ అది తిరుగుతానే ఉందేమో, విశ్రాంతి ల్యాకుండా దశమి పెట్టుకుంటినేమో అని! పుణ్యముంటాది నీకు. ఏటేటా ఇట్లనే ఆపల్ల. ఎట్ల ఆపల్లో, ఎట్ల లేపల్లో నువ్వే చూసుకో."

ఆ రాత్రి మేమిద్దరం చెరో ఊళ్ళో మేలుకుని ఉన్నాం. అది ఆగిపోయిందని నేను, ఆగలేదేమోనని ఆయన.

ఈ మాటలు సార్‌కు ఉన్నవున్నట్టు చెప్పాను. "సరే లెక్క చూడు," అన్నాడు. "మిషను ముంబైలో. సావుకారు ధర్మవరంలో. నా ఫోను హిందూపురంలో, దాన్ని తాకని మొనగాడూ ఈడనే. పని చేసింది యాడ? పెనుకొండలో, ఉప్మా పక్కన. నువ్వు ఈ పొద్దు ఈ ఆఫీసులో ఉండింటే ఏం చేస్తుంటివి?"

"నేనూ మీ ఫోను ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉండేదాన్ని సార్."

"అందుకే చెప్తాండా, ఆడనే ఉండు. రేపటి నుంచి రైలెక్కొద్దు. ఆ కోడు మాత్రం నీ ఫోనుకు మార్చుకో. నా ఫోనును ఏటికొకనాడైనా నిద్రపోనీ."

అప్పటి నుంచి ఇంటి నుంచే పని చేస్తున్నాను. ఆ మరునాడే సావుకారికి వేరే ఖాతా చేసి, మెనూలోంచి ఎర్ర గుర్తు తీసేశాను. మీరూ మొదటి రోజే తీసేయండి. పోయిన ఏడు ఆ సర్వరులో చోటు చాలక, డిజైన్లన్నీ కొత్తదానిలోకి మార్చాను. అన్నిటికన్నా ముందు తెచ్చి పెట్టింది డిజైను కాదు, ఎడమకు జారిన ఆ వంకర బొట్టు.

రేపు పూజ కాగానే నా ఫోనులోంచి సర్వరును పద్ధతిగా ఆపుతాను. ఎల్లుండి పొద్దున ఆరుకే లేపుతాను. నా ఫోనుకు మాత్రం ఎవరినీ బొట్టు పెట్టనివ్వను. మామూలుగా ఇవన్నీ ఇంట్లో కూర్చునే చేయొచ్చు. కానీ ఈ సాయంత్రం అవ్వ ఫోను చేసింది.

"నా చెయ్యి బాగా వణుకుతాంది. రేపు బిడ్డను తోడుకోని రా. ఈ తూరి బొట్టు అది పెడ్తాది."

సరేనన్నాను. నా కూతురికి మౌసు పట్టుకోవడం బాగానే వచ్చు. కాకపోతే అది ఇంతవరకూ గీసినవన్నీ పిల్లులే. సావుకారికి ఎలుక భయం ఇంకా పోలేదు కాబట్టి, మిషను మీద బొట్టుకు బదులు పిల్లి పడినా ఆయన అభ్యంతరం చెప్పడనే అనుకుంటున్నాను.